చెడ్డ కబురు ముందే తెలియాలి

మా అక్క బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. పోయిన దీపావళికి ఇంటికొచ్చిందన్న మాటేగానీ, మూడు రోజులూ ల్యాప్‌టాప్ ముందు నుంచి లేవలేదు. వాళ్ల ప్రాజెక్టు ఆలస్యమైంది. అమ్మ చూసి చూసి అడిగింది: "ఇంకో పదిమందిని పెట్టుకుంటే ఈ పని ఈపాటికి అయిపోయేది కదే?" అక్క తలెత్తకుండానే అంది: "పోయిన నెలే పెట్టారమ్మా. అందుకే ఇంకా ఆలస్యమవుతోంది."

అమ్మకి అది విడ్డూరంగా తోచింది. నాకూ అంతే. మన క్లాసులో చాలామంది ఇళ్లలో ఒక అక్కో, అన్నో, బావో ఈ పనిలోనే ఉన్నారు. రేపు మనలోనూ కొందరం టెస్టింగుకో, తెలుగు అనువాదానికో, కంటెంటు రాయడానికో ఆ ఆఫీసుల్లోనే చేరతాం. స్ప్రింటు, రిలీజు, డెడ్‌లైను అనే మాటలు మన చెవిన పడుతూనే ఉంటాయి. కానీ ఇంతమంది చదువుకున్నవాళ్లు రాత్రింబవళ్లు పనిచేసినా ఎందుకు ఆలస్యమవుతుందో మనకి తెలీదు. సెలవుల్లో ఈ విషయం మీద దొరికినవన్నీ చదివాను. చదివిన కొద్దీ ఒకే సంగతి మళ్లీ మళ్లీ ఎదురైంది. పెద్ద సాఫ్ట్‌వేర్ పనిలో తప్పులు ఎలాగూ జరుగుతాయి. అవి ఆలస్యంగా బయటపడినప్పుడే పని మునుగుతుంది. ఆ సంగతే ఇక్కడ వివరంగా చెప్పుకుందాం.

కంటికి కనబడని పని

ఇల్లు కడుతుంటే వీధిన పోయేవాళ్లకి కూడా తెలిసిపోతుంది. పునాది లేచిందా, గోడలు ఎంతవరకు వచ్చాయి, స్లాబు పడిందా అని ఎవరినీ అడగక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ అలా కాదు. చేసేవాళ్లు చెబితేనే ఎంత అయిందో తెలుస్తుంది. వాళ్లు "తొంభై శాతం అయిపోయింది" అంటారు. రెండు నెలల తర్వాత అడిగినా తొంభై శాతమే అంటారు. అది అబద్ధం కాదు. రాయాల్సిన ముక్కలు తొంభై శాతం రాసే ఉంటారు. ఆ ముక్కలన్నీ కలిపినప్పుడు ఏమవుతుందో మాత్రం వాళ్లకీ ఇంకా తెలీదు.

ఇంకో చిక్కు, ఏం కావాలో చెప్పడంలోనే ఉంది. మనకి బాగా తెలిసిన ఉదాహరణ ఒకటి చూద్దాం. అన్ని కాలేజీల విద్యార్థినుల కోసం ఒక స్కాలర్‌షిప్ సాఫ్ట్‌వేర్ తయారుచేస్తున్నారనుకోండి. ఏమేం కావాలో ముందే ఒక పత్రం రాస్తారు. అందులో "ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ తప్పనిసరి, రెండక్షరాలకు తక్కువ ఉండకూడదు" అని ఉంటుంది. ప్రోగ్రామరు అక్షరాలా అలాగే చేస్తుంది. చూస్తే ఎవరి తప్పూ లేదు.

ఇప్పుడు మన క్లాసులోకి రండి. ఒకమ్మాయికి ఇంటిపేరు ముందుంటుంది, అసలు పేరు తర్వాత వస్తుంది. తమిళ, కన్నడ ప్రాంతాల్లో తరాలుగా ఉంటున్న ఇళ్లవాళ్లలో చాలామందికి రికార్డుల్లో ఇంటిపేరే ఉండదు. నాన్న పేరులోని మొదటి అక్షరం ఒక్కటే ఉంటుంది. కొందరికి ఊరి పేరు తాలూకు అక్షరం కూడా తోడవుతుంది. ఒక్క అక్షరాన్ని "లాస్ట్ నేమ్" గడిలో పెడితే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. నాన్న పేరు పూర్తిగా రాస్తే పదో తరగతి సర్టిఫికెట్‌తో కలవదు. అది కలవకపోతే బ్యాంకులో డబ్బు పడదు.

ఈ తప్పు మొదటి నెలలోనే తెలియాలంటే పదిమంది అమ్మాయిల ముందు ఒక మధ్యాహ్నం ఆ ఫారం పెడితే చాలు. అప్పుడు దిద్దడానికి ఒక పూట పడుతుంది. అదే రెండేళ్ల తర్వాత, వేలమంది దరఖాస్తు పెట్టినప్పుడు తెలిసిందనుకోండి. అప్పటికి ఆ పేరు జాబితాల్లోకి, బ్యాంకు వివరాల్లోకి, రసీదుల్లోకి వెళ్లిపోయి ఉంటుంది. అన్నిచోట్లా మార్చాలి. ఒకచోట మారిస్తే ఇంకోచోట చెడుతుంది. తప్పు అదే, తెలిసిన రోజు వేరు. ఖర్చంతా ఆ తేడాలోనే ఉంది.

లోకం ఆగి చూడదు

పత్రం తప్పుల్లేకుండా రాశారనే అనుకుందాం. అయినా అది రాసిన రోజుకి మాత్రమే సరైనది. 2017 జూలై 1న మన దేశంలో జి.ఎస్.టి. వచ్చినప్పుడు చిన్న కిరాణా కొట్టు బిల్లింగ్ ప్రోగ్రాము నుంచి పెద్ద కంపెనీల లెక్కల సాఫ్ట్‌వేర్ దాకా అన్నీ మారాల్సి వచ్చింది. 2025 సెప్టెంబరు 3న జి.ఎస్.టి. కౌన్సిల్ 12, 28 శాతం శ్లాబులను ఎత్తేస్తున్నట్టు ప్రకటించింది. చాలా వస్తువులు 5, 18 శాతాల్లోకి వచ్చాయి. అది అమల్లోకి వచ్చింది సెప్టెంబరు 22న. అంటే మధ్యలో ఉన్నవి పందొమ్మిది రోజులు.

బయటనుంచి చూస్తే 12 కొట్టేసి 5 రాయడమే కదా అనిపిస్తుంది. కానీ 21వ తేదీ రాసిన బిల్లు మీద సరుకు 25న వాపసు వస్తే ఏ రేటు వెయ్యాలి? పాత బిల్లులు పాత రేటుతోనే కనబడాలి, కొత్తవి కొత్త రేటుతో పడాలి. పన్ను రేటును ఒకేచోట, తేదీతో సహా ఉంచుకున్నవాళ్లకి అది రోజుల్లో అయ్యే పని. రేటును నూరుచోట్ల నేరుగా రాసేసుకున్నవాళ్లకి ఆ పందొమ్మిది రోజులూ కంటి మీద కునుకుండదు. మారుతుందని తెలిసినదాన్ని మార్చడానికి వీలుగా కట్టుకోవడమనేది ఈ వృత్తిలో మొదటి పాఠం.

పదిమందిని చేరిస్తే ఏమవుతుంది?

ఇక అమ్మ ప్రశ్నకి వద్దాం. దీనికి జవాబు 1960లలోనే దొరికింది. ఐ.బి.ఎం. కంపెనీ 1964 ఏప్రిల్‌లో సిస్టమ్/360 అనే కంప్యూటర్ల వరసను ప్రకటించింది. వాటిని నడిపే ఓ.ఎస్./360 సాఫ్ట్‌వేర్ తయారీకి ఫ్రెడరిక్ బ్రూక్స్ మేనేజరుగా ఉన్నాడు. ఆ కాలానికి అది కనీవినీ ఎరగనంత పెద్ద పని. చేసేవాళ్ల సంఖ్య పెంచుతూ పోయారు. అయినా పని ఆలస్యమైంది, ఖర్చు అంచనాలు దాటింది. బ్రూక్స్ తర్వాత నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరయ్యాడు. తన అనుభవాన్ని 1975లో "ది మిథికల్ మ్యాన్-మంత్" అనే పుస్తకంగా రాశాడు. అప్పటికే వెనకబడిన సాఫ్ట్‌వేర్ పనిలో కొత్తవాళ్లను చేరిస్తే అది మరింత వెనకబడుతుందన్నది ఆయన తేల్చిన విషయం. దాన్నే ఇప్పుడు బ్రూక్స్ సూత్రం అంటున్నారు.

ఎందుకలా? పెళ్లింట్లో వంట గుర్తుచేసుకోండి. కూరగాయలు తరగడానికి ఐదుగురి బదులు పదిమంది కూర్చుంటే సగం సేపట్లో అవుతుంది. ఎవరి కత్తిపీట వాళ్లది, ఎవరి వంకాయలు వాళ్లవి. కానీ సాంబారు దగ్గర పదిమంది నిలబడితే? ఉప్పు వేశారా లేదా అని ఒకరినొకరు అడగడమే సరిపోతుంది. అడక్కపోతే ఉప్పు రెండుసార్లు పడుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఎక్కువ పని ఆ సాంబారు లాంటిదే.

లెక్క కూడా సులువే. పన్నెండు మంది ఉన్నచోట ఇద్దరిద్దరుగా మాట్లాడుకోవాల్సిన జతలు 66. ఇంకో పదిమందిని చేరిస్తే జతలు 231. మనుషులు రెట్టింపు కూడా కాలేదు, మాటలు మాత్రం మూడున్నర రెట్లు పెరిగాయి. దానికి తోడు కొత్తవాళ్లకి పని నేర్పాలి. ఎవరు నేర్పుతారు? పని తెలిసినవాళ్లే. అంటే ఆలస్యాన్ని తగ్గించగలిగినవాళ్లు తమ పని పక్కనపెట్టి పాఠాలు చెబుతూ కూర్చోవాలి. మా అక్క దీపావళి అలా పోయింది.

ఇక్కడ గమనించాల్సిందేమంటే, పని వెనకబడిందన్న మాట ఆర్నెల్ల ముందు తెలిసి ఉంటే కొత్తవాళ్లకి నేర్పుకునే తీరిక దొరికేది. చివరి నెలలో తెలిసింది కాబట్టే మందు కూడా విషమైంది.

ఒక బొమ్మ, ఒక అపార్థం

1968 అక్టోబరులో జర్మనీలోని గార్మిష్ పట్టణంలో నాటో సైన్స్ కమిటీ ఒక సమావేశం జరిపింది. పెద్ద సాఫ్ట్‌వేర్లు చెప్పిన రోజుకి ఎందుకు రావడం లేదన్నది అక్కడి చర్చల్లో ఒక ముఖ్య భాగం. "సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్" అన్న పేరు ఆ సమావేశంతోనే బాగా వాడుకలోకి వచ్చింది.

తర్వాత 1970లో విన్‌స్టన్ రాయ్స్ అనే ఆయన పెద్ద సాఫ్ట్‌వేర్లను నడిపించడం గురించి ఒక వ్యాసం రాశాడు. అందులో ఒక బొమ్మ ఉంది. ముందు ఏం కావాలో రాసుకోవడం, తర్వాత డిజైను, తర్వాత కోడు, తర్వాత పరీక్ష, చివర వాడకం. మెట్టు మెట్టుగా నీళ్లు కిందికి దూకినట్టుంటుంది. తర్వాతి రోజుల్లో దీనికి "వాటర్‌ఫాల్" పద్ధతి, అంటే జలపాతం, అని పేరొచ్చింది. తమాషా ఏమిటంటే, పనిని ఆ ఒక్క వరసలోనే చేసుకుపోతే ప్రమాదమని రాయ్స్ ఆ వ్యాసంలోనే హెచ్చరించాడు. పరీక్ష అన్నిటికంటే చివర వస్తుంది కాబట్టి, తప్పులు తెలిసేసరికి మళ్లీ మొదటికి రావాల్సి వస్తుందన్నాడు. వాడబోయేవాళ్లను మొదటినుంచీ కలుపుకోమన్నాడు. చాలామంది బొమ్మను తీసుకున్నారు, హెచ్చరికను వదిలేశారు. కాంట్రాక్టు రాసుకోవడానికి ఆ బొమ్మ భలే వీలుగా ఉంటుంది మరి.

ఎఫ్.బి.ఐ. కథ

ఆ వరసలో వెళ్లినవాళ్ల గతి ఏమైందో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్.బి.ఐ. కథలో కనబడుతుంది. అక్కడి న్యాయశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదికలు బహిరంగంగా ఉన్నాయి కాబట్టి వివరాలు తెలుస్తున్నాయి.

కాగితాల మీద, పాతబడ్డ కంప్యూటర్లలో ఉన్న కేసు ఫైళ్ల కోసం ఎఫ్.బి.ఐ. కొత్త సాఫ్ట్‌వేర్ తలపెట్టింది. 2001 జూన్‌లో ఒక కంపెనీకి కాంట్రాక్టు ఇచ్చింది. మూడు నెలలు తిరక్కుండానే సెప్టెంబరు 11 దాడులు జరిగాయి. ఒక్కసారిగా అందరికీ తొందర పట్టుకుంది. పాత వ్యవస్థకు కొత్త ముఖం తొడుగుదామనుకున్నవాళ్లు మొత్తం కొత్తదే కట్టాలన్నారు. అది ఇంకా త్వరగా కావాలన్నారు. దానికి వర్చువల్ కేస్ ఫైల్ అని పేరు పెట్టారు. ఏమేం కావాలో రాసిన పత్రం ఎనిమిది వందల పేజీలు దాటింది. పని నడుస్తుండగా కూడా మార్పులు చెబుతూనే వచ్చారు. దాన్ని నడిపించే పెద్ద అధికారులు, ప్రాజెక్టు మేనేజర్లు పదేపదే మారిపోయారు. ఇన్ని జరిగినా పాతది ఒక్కసారిగా ఆపి కొత్తది ఒక్కసారిగా మొదలెట్టాలన్నదే పథకం.

లోపాలున్నాయని ముందే ఎవరూ చెప్పలేదా అంటే, చెప్పారు. 2002లో అక్కడ పనిచేస్తున్న ఒక సెక్యూరిటీ ఇంజనీరు తన అనుమానాలు పైవాళ్లకి చెప్పాడు. వాళ్లు పట్టించుకోకపోతే బయట రాశాడు. చివరికి ఆయన మీదే విచారణ జరిగింది, ప్రాజెక్టు వదిలి వెళ్లిపోయాడు. ఒకరికి అలా జరిగితే మిగతావాళ్లు నోరు విప్పుతారా?

2003 డిసెంబరులో సాఫ్ట్‌వేర్ చేతికి వచ్చింది. ఎఫ్.బి.ఐ. దాన్ని ఒప్పుకోలేదు. మధ్యవర్తి దగ్గరికి వెళ్లిన 59 సమస్యల్లో 19 ఎఫ్.బి.ఐ. కోరికలు మార్చడం వల్ల వచ్చినవి, 40 కంపెనీ తప్పులు అని తేలింది. ఇద్దరి చేతులకీ మసి అంటింది. 2005లో ఆ సాఫ్ట్‌వేర్‌ను వదిలేశారు. అప్పటికి సుమారు 17 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి.

2006లో సెంటినెల్ పేరుతో మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి నాలుగు దశలుగా చేసి 2009కి ముగించాలన్నారు. 2010 వచ్చేసరికి 45.1 కోట్ల డాలర్ల బడ్జెట్‌లో 40.5 కోట్లు అయిపోయాయి, దశలు మాత్రం రెండే పూర్తయ్యాయి. అప్పుడు ఎఫ్.బి.ఐ. పనిని తన చేతిలోకి తీసుకుంది. ఇక్కడే నాకు ఆశ్చర్యమేసింది. మనుషుల్ని పెంచలేదు, తగ్గించింది. రెండు వందలు దాటిన కాంట్రాక్టు సిబ్బందిని సుమారు నలభైకి తెచ్చింది. చెయ్యాల్సిన పనుల జాబితా ఒకటి రాసుకుని, ముఖ్యమైనవి పైన పెట్టుకుంది. రెండు వారాలకొకసారి అప్పటిదాకా అయినదాన్ని నడిపి చూపించాలని నియమం పెట్టుకుంది.

ఆ తర్వాత కూడా అంతా సాఫీగా సాగలేదు. 2011 అక్టోబరులో వందలమంది ఉద్యోగులతో వాడించి చూసినప్పుడు సెంటినెల్ రెండుసార్లు ఆగిపోయింది. అంతమందికి పాత హార్డ్‌వేర్ చాలడం లేదని తెలిసింది. కొత్తవి తెప్పించుకున్నారు, గడువు మరికొన్ని నెలలు జరిగింది. 2012 జూలైలో సంస్థ మొత్తానికి సెంటినెల్ అందుబాటులోకి వచ్చింది. అక్టోబరులో ఆగిపోవడం చెడ్డ కబురే. కానీ ఆ కబురు పరీక్ష రోజున వచ్చింది, అందరూ వాడటం మొదలెట్టిన రోజున రాలేదు.

మొదటి రోజు ఆరుగురు

అమెరికాలోనే 2013 అక్టోబరు 1న హెల్త్‌కేర్.గవ్ అనే ప్రభుత్వ సైటు మొదలైంది. ఆరోగ్య బీమా లేనివాళ్లు అందులో బీమా ఎంచుకోవాలి. లక్షలమంది ఒక్కసారిగా వచ్చారు. మొదటి రోజు చివరిదాకా వెళ్లి బీమా తీసుకోగలిగినవాళ్లు ఆరుగురే.

ఆ పనిలో యాభైకి పైగా కాంట్రాక్టు సంస్థలున్నాయి. ఎవరి ముక్క వాళ్లు చేశారు. మొదటినుంచి చివరిదాకా మొత్తం కలిపి సరిగ్గా పరీక్షించడానికి సమయం మిగల్లేదు. పరీక్షకు వ్యవధి చాలదని ఆ ఏడాది వసంతంలోనే బయటి సలహాదారులు హెచ్చరించారు కూడా. ఆ హెచ్చరిక మెట్లెక్కి పైదాకా వెళ్లేసరికి దాని పదును పోయింది. ప్రారంభం రోజు మారలేదు.

తర్వాత దాన్ని దిద్దడానికి వచ్చిన చిన్న బృందం ఏం చేసింది? పెద్ద మంత్రమేమీ లేదు. రోజూ అన్ని సంస్థలవాళ్లనీ ఒకచోట కూర్చోబెట్టారు. ఆ మీటింగు సమస్యలు తీర్చుకోవడానికి, నిందలు వేసుకోవడానికి కాదన్నారు. హోదా ఎక్కువున్నవాళ్లు కాకుండా ఆ విషయం బాగా తెలిసినవాళ్లు మాట్లాడాలన్నారు. నవంబరు నెలాఖరుకల్లా సైటు ఒకేసారి యాభై వేలమందిని తట్టుకునే స్థితికి వచ్చింది. 2014 ఏప్రిల్‌కి, రాష్ట్రాల సొంత సైట్లతో కలిపి, ఎనభై లక్షలమంది బీమాకి నమోదయ్యారు. కోడు దాదాపు ఆ మనుషులే రాశారు, కంపెనీలూ ఎక్కువగా అవే. తెలిసినవాళ్లు నోరు విప్పే చోటు మాత్రం కొత్తగా ఏర్పడింది.

చిన్నపిల్ల నొక్కిన మీటలు

చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన అపోలో ప్రయాణాల సాఫ్ట్‌వేర్ ఎం.ఐ.టి. ప్రయోగశాలలో తయారైంది. అక్కడ నౌక లోపలి సాఫ్ట్‌వేర్‌కి నాయకత్వం వహించింది మార్గరెట్ హామిల్టన్. ఆమె సెలవు రోజుల్లో, రాత్రుల్లో పనికి వెళ్లేటప్పుడు చిన్న కూతుర్ని వెంట తీసుకెళ్లేది. ఒకరోజు ఆ పాప ఆడుకుంటూ నౌక నమూనా యంత్రం మీటలు నొక్కింది. ప్రయాణం మధ్యలో ఉన్నట్టు నడుస్తున్న యంత్రంలో, ప్రయాణానికి ముందు వాడాల్సిన ప్రోగ్రామును మొదలుపెట్టేసింది. యంత్రం ఆగిపోయింది.

హామిల్టన్ పాపని కోప్పడి ఊరుకోలేదు. వ్యోమగామి కూడా ఇదే తప్పు చెయ్యవచ్చు, అడ్డుకునే కోడు చేర్చుదాం అని అడిగింది. బాగా శిక్షణ పొందినవాళ్లు అలా చెయ్యరని పైవాళ్లు వద్దన్నారు. ఆ ప్రోగ్రామును ప్రయాణంలో ఎంచుకోవద్దని ఒక సూచన రాసి ఉంచడానికి మాత్రం వీలైంది. 1968 డిసెంబరులో అపోలో 8 ప్రయాణంలో జిమ్ లోవెల్ పొరపాటున సరిగ్గా అదే చేశాడు. దారి చూపే లెక్కలు చెరిగిపోయాయి. నేలమీద ఉన్నవాళ్ల సాయంతో ఆ లెక్కల్ని మళ్లీ సరిచేసుకోవాల్సి వచ్చింది. అందరూ క్షేమంగా తిరిగొచ్చారు. ఆ తర్వాత ఆమె అడిగిన కోడు చేర్చడానికి ఒప్పుకున్నారు.

ఈ కథ ఆడపిల్లలం మనం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. చెడ్డ కబురు ముందే చెప్పినంతమాత్రాన సరిపోదు. చెప్పింది ఎవరని చూడకుండా వినేవాళ్లు కూడా ఉండాలి.

రెండు వారాల పద్ధతి

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రం స్నోబర్డ్‌లో పదిహేడుమంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కలుసుకున్నారు. పదిహేడుమందీ మగవాళ్లే. వాళ్లు రాసుకున్న చిన్న ప్రకటన పేరు "ఎజైల్ మ్యానిఫెస్టో". ఎజైల్ అంటే చురుగ్గా మలుపు తిరగగలగడం. లావుపాటి పత్రం కన్నా నడిచే సాఫ్ట్‌వేర్ ముఖ్యం, పథకాన్ని పట్టుకుని వేళ్లాడటం కన్నా మార్పుకి తగ్గట్టు నడుచుకోవడం ముఖ్యం అన్నది దాని సారాంశంలో ఒక భాగం.

మనం ఇంట్లో వినే మాటలు చాలావరకు ఈ దారిలో వచ్చినవే. స్ప్రింటు అంటే ఒకటి నుంచి నాలుగు వారాల దాకా పెట్టుకునే చిన్న గడువు. దాని చివర ఏదో ఒక ముక్క నిజంగా నడవాలి. బ్యాక్‌లాగ్ అంటే మిగిలిన పనుల జాబితా, ముఖ్యమైనది పైన ఉంటుంది. స్టాండప్ అంటే పొద్దున పదిహేను నిమిషాలు నిలబడి మాట్లాడుకోవడం. ఎక్కడ ఆగిపోయానో చెప్పుకోవడానికే అది. రివ్యూ అంటే వాడబోయేవాళ్లకి చూపించడం. రెట్రోస్పెక్టివ్ అంటే మనం పనిచేసే తీరులో ఏం బాగోలేదో ఒప్పుకోవడం. వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ప్రతి ఒక్కటీ చెడ్డ కబురు త్వరగా బయటికి రావడానికి తెరిచిన కిటికీయే. ఇంటిపేరు గడి తప్పు మొదటి రివ్యూలోనే బయటపడుతుంది.

దీని అర్థం ఎప్పుడు ఏది అడిగినా చెయ్యాలని కాదు. కొత్త కోరిక వస్తే జాబితాలో దాని చోటు ఎక్కడో ఒకరు తేల్చాలి. ఒకటి పైకి వస్తే ఇంకొకటి కిందికి పోవాలి. గడువూ, డబ్బూ, కోరికలూ మూడూ కదలకుండా బిగించేస్తే, లోపల నాణ్యత చప్పుడు లేకుండా తగ్గిపోతుంది. లేదా మనుషుల నిద్ర తగ్గిపోతుంది.

పేర్లు పెట్టుకున్నంతలో పద్ధతి రాదు కూడా. అక్కని అడిగితే వాళ్ల ఆఫీసులోనూ స్ప్రింట్లున్నాయంది, రోజూ స్టాండప్ ఉందంది. "మరి పని వెనకబడిందని ముందే ఎందుకు తెలియలేదు?" అన్నాను. అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది: "మాకు ఆగస్టులోనే తెలుసు. స్టాండప్‌లో ఒకబ్బాయి అన్నాడు. ఆ రోజు అందరి ముందూ వాణ్ని నిలదీశారు. మర్నాటినుంచి అందరం 'బాగానే నడుస్తోంది' అనే చెప్పాం. నేనూ అలాగే చెప్పాను."

ఆగస్టు నుంచి దీపావళికి ఎన్ని వారాలో లెక్కేసుకోండి. ఆ వారాలన్నీ ఉండగానే ఎవరైనా నిజం విని ఉంటే, కొన్ని కోరికల్ని తర్వాతకి నెట్టేవారు. కొత్తవాళ్లని తీరిగ్గా చేర్చుకునేవారు. మా అక్క పండగపూట వంటింట్లో మాతో కూర్చుని ఉండేది.

రేపు మనం ఆ ఆఫీసుల్లోకి వెళితే ఏ కంప్యూటరు భాష నేర్చుకున్నామన్నది ఒక ప్రశ్న. "ఇది ఈ వారం అవదు, ఇదిగో ఈ కారణం" అని తడబడకుండా, ఎదుటివాళ్లకి అర్థమయ్యేలా చెప్పడం ఇంకో ప్రశ్న. రెండోది భాష చదువుకున్న మనకి రావాల్సిన పనే. అలాగే ఇంకొకరు మనకి చెప్పినప్పుడు, వాళ్లని నిలదీయకుండా "సరే, ఎక్కడ ఆగింది?" అని అడగడం కూడా నేర్చుకోవాలి.

ఇదంతా అమ్మకి చెప్పాను. అమ్మ వినేసి అక్కకి ఫోను చేసింది. ఎప్పుడూ అడిగినట్టు "పని ఎప్పుడవుతుందే?" అని అడగలేదు. "ఇవాళ ఎక్కడ ఆగిందే?" అంది. అక్క అరగంట మాట్లాడింది.